సేవా శిబిరం: సమరీయుని రెండవ రాక



ఒక ఆదివారం దివ్యపూజాబలి ముగిసిన తరువాత ఒక తల్లి గుడి వాకిట నిలబడి నన్ను అడిగింది: "ఫాదర్ గారూ, మా అమ్మాయి కాలేజీ వాళ్ళు చిట్టమూరు పక్క పల్లెకు ఏడు రోజులు సేవా శిబిరానికి తీసుకుపోతారంట. పురుగూ పుట్రా తిరిగే చోటు. వాళ్ళ నాన్న వద్దంటున్నాడు. పంపమంటారా?"

పక్కనే ఉన్న అమ్మాయి, "పేదలకు సేవ చేసి వస్తాం ఫాదర్" అంది.

తల్లికి "పంపండమ్మా" అని వెంటనే చెప్పాను. అమ్మాయి మాటకు మాత్రం అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ వారం మన పాఠం.

1. ఈ శిబిరాలు ఎక్కడివి?

గాంధీ మహాత్ముని శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబరు 24న మన దేశంలో జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమయింది. ఇందులో చేరిన విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి. అది గాక, కళాశాల ఎంచుకున్న పల్లెలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది.

కతోలిక విద్యార్థులకు ఈ బాట కొత్తది కాదు. మనం 'ఐకఫ్' అని పిలుచుకునే కతోలిక విశ్వవిద్యాలయ విద్యార్థుల సమాఖ్య 1924లోనే పుట్టింది. 1970లో పూనమల్లిలో సమావేశమై, న్యాయమైన సమాజం కోసం పాటుపడతామని ప్రకటించింది. పల్లెకు వెళ్ళి అక్కడి బతుకును దగ్గరగా చూడడం ఆ సమాఖ్య శిక్షణలో భాగం. 1969 తుఫాను తరువాత, బెల్జియం నుండి వచ్చిన యేసుసభ గురువు మైకేల్ విండే గారు గుంటూరు కేంద్రంగా గ్రామ పునర్నిర్మాణ సంస్థను స్థాపించారు. దేశవిదేశాల యువకులు వచ్చి పల్లె ప్రజలతో కలిసి పనిచేశారు.

2. చిట్టమూరులో గురువులు ఎవరు?

చిట్టమూరు మండలం 2022 ఏప్రిల్ 4 నుండి తిరుపతి జిల్లాలో ఉంది. శ్రీసభ లెక్కలో మాత్రం 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనంలోనిదే. ఒకవైపు వరి పొలాలు, మరొకవైపు పులికాట్ సరస్సు. 1990 దశకంలో ఈ తీరమంతా రొయ్యల గుంటలు పెరిగాయి. ఉప్పునీటి వలన పొలాలకు, తాగునీటికి కలిగిన నష్టం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పులో ఆ న్యాయస్థానం పులికాట్, చిలకా సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల గుంటలు ఉండరాదని ఆదేశించింది.

ఈ ప్రాంతంలో యానాదుల పాలేలు అనేకం. చేప ఎప్పుడు ఎటు కదులుతుందో, ఏ ఆకు ఏ నొప్పికి పనికొస్తుందో, పొలం గట్టులో ఎలుక బొరియ ఎక్కడుందో వారికి తెలిసినంతగా మనకు తెలియదు. వెన్నెలకంటి రాఘవయ్య గారు నెల్లూరు సీమలో వారి మధ్య ఏళ్ళ తరబడి పనిచేసి, 1962లో వారి గురించి గ్రంథమే ప్రచురించారు. ముందు వారి నడుమ తిరిగి, తరువాతనే వ్రాశారు. ఏడు రోజులకు వెళ్ళే మన పిల్లలు ఈ వరుసను గుర్తుంచుకోవాలి.

1968 ఏప్రిల్‌లో మెక్సికోలో ఇవాన్ ఇలిచ్ అనే గురువు, అక్కడి పల్లెలలో వేసవి సేవకు పూనుకున్న అమెరికా విద్యార్థులతో కఠినంగా మాట్లాడారు. నేర్చుకోవడానికైతే రావచ్చు గాని, పల్లె భాష, బతుకు తెలియకుండా మేలు చేస్తామని రావడం పల్లెవారిని చిన్నబుచ్చడమే అన్నది వారి వాదన. అంతటితో నేను పూర్తిగా ఏకీభవించను. అయినా అందులో నిజం ఉంది. ఉద్దేశం ఒక్కటే మంచిదైతే చాలదు, చేసే పని, దాని పరిస్థితులు కూడా మంచివి కావాలని పునీత తోమా అక్వీనాసు గారు ఏనాడో బోధించారు.

3. మా మొక్కల కథ

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక విచారణలో విద్యార్థులు ఒక పాలెంలో రెండు వరుసల మొక్కలు నాటారు. బానరు కట్టి ఫొటోలు తీసుకున్నారు. మొదటి మొక్క నాటింది నేనే. వేసవి నాటికి ఒక్కటీ మిగలలేదు. తాగేందుకే నీళ్ళు మోసుకొచ్చుకునే చోట మొక్కలకు ఎవరు పోస్తారు? మీకు ఏమి కావాలని ఆ ఏడు రోజులలో ఎవరమూ అడగలేదు. తరువాత అడిగితే ఒక పెద్దామె, "మా మనవడికి కులం సర్టిఫికెట్టు లేదు సామీ, హాస్టల్లో చేర్చుకోలేదు" అంది.

ఆ మాట విన్న ఒక విద్యార్థి శిబిరం అయిపోయినా తిరిగి వచ్చాడు. ఆమెను వెంటబెట్టుకుని తహసీల్దారు కార్యాలయానికి మూడుసార్లు తిరిగాడు. కాగితం వచ్చింది. ఆ పనికి బానరు లేదు, ఫొటో లేదు.

4. సమరీయుడు చేసిన చివరి పని

లూకా సువార్త 10వ అధ్యాయం తెరవండి. సమరీయుడు గాయపడినవాని దగ్గరకు వెళ్ళాడు, కట్లు కట్టాడు, తన వాహనంపై ఎక్కించుకున్నాడు, రెండు దీనారములు ఇచ్చాడు. మన ప్రసంగాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. కాని అతడు మరొక పని చేశాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు చెల్లిస్తానని సత్రపువానికి మాట ఇచ్చాడు. దారిలో ఎదురైన అపరిచితుడు ఆ మాటతో అతని బాధ్యత అయ్యాడు. తిరిగి వెళ్ళే ఆలోచన లేని శిబిరం సగం సమరీయుని కథే.

మరొక హెచ్చరిక. సేవను మతప్రచారానికి ఎరగా వాడరాదని 16వ బెనెడిక్టు పాపుగారు 2005 నాటి తమ విశ్వలేఖ 'దేవుడు ప్రేమ'లో స్పష్టం చేశారు. మన విశ్వాసం మన నడవడిలో కనిపిస్తే చాలు.

5. తల్లిదండ్రులకు

భయపడి ఆపకండి, విచారించి పంపండి. బస ఎక్కడ, ఆడపిల్లల వెంట ఏ అధ్యాపకురాలు ఉంటారు, దగ్గరి ఆసుపత్రి ఏది, పల్లె పెద్దలతో ముందుగా మాట్లాడారా అని కళాశాలను అడగండి. పెట్టింది తినమని, అనుమతి లేకుండా ఎవరినీ ఫొటో తీయవద్దని, పాత బట్టలు పంచి దాతలం అనుకోవద్దని పిల్లలకు చెప్పండి.

ఆ అమ్మాయికి నేను బాకీపడిన జవాబు ఇది: "సేవ చేసి వస్తాం" అనకు తల్లీ. "నేర్చుకుని వస్తాం, మళ్ళీ వెళ్తాం" అను.

ఆమె ఇల్లు చేరినప్పుడు "ఏమి చేసి వచ్చావు?" అని అడగవద్దు. "ఎవరెవరి పేర్లు తెలుసుకున్నావు? మళ్ళీ ఎప్పుడు వెళ్తావు?" అని అడగండి.

కుటుంబంలో చర్చకు:

అ) మన ఊరి చివర పాలెంలో పేరు తెలిసినవారు మనకు ఎందరు?

ఆ) మనం ఒకసారి సాయం చేసి, మళ్ళీ తొంగిచూడని ఇల్లు ఏది?

ఇ) ఈ తపస్కాలంలోపు ఆ ఇంటికి ఎవరు వెళ్తారు?

ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక.

మీ విచారణ గురువు