పాత లారీలో ఆయిల్ ప్రెషరు ముల్లు పైకి పోయినచో ఏమి చూడవలెను?

పత్తి తీతలు ముమ్మరముగా సాగు చలికాలపు తెల్లవారుజామున, కాగజ్‌నగర్ ప్రక్క పల్లెలో ఒక రైతు తన పాత లారీకి పత్తి నింపి జిన్నింగు మిల్లునకు బయలుదేరినాడనుకొందము. ఇంజను స్టార్టు కాగానే ఆయిల్ ప్రెషరు మీటరులోని ముల్లు ఎన్నడును లేనంత పైకి పోయి నిలిచినది. చుట్టునున్న వారిలో ఒకరు, "ప్రెషరు మంచిగనే ఉన్నది, ఇంజను గట్టిగున్నది, పోనియ్యన్నా" అందురు. మరియొకరు, "ఇంజను విప్పవలసినదే" అందురు. ఆ రైతు ఎవరి మాట వినవలెను?

పరీక్ష చేయకుండ ఇద్దరిలో ఎవరి మాట వినినను నష్టము కలుగవచ్చును. లోపల నూనె దారి మూసికొనిపోయి ప్రెషరు పెరిగియుండగా బండిని నడిపినచో బేరింగులు కాలి, ఇంజను దారిలోనే పట్టివేయును. తప్పు మీటరులో మాత్రమే ఉండగా ఇంజను విప్పినచో వేల రూపాయలు వృథా యగుటయే గాక పంట తోలుకొనవలసిన రోజులు షెడ్డులో గడచిపోవును. కావున ఏది ముందు చూడవలెనో, ఏది తరువాత చూడవలెనో వరుసగా తెలిసికొనుట అవసరము.

ఈ ప్రాంతము - ఈ బండ్లు

పూర్వము కొత్తపేటగా పిలువబడిన ఊరు, 1938లో సిర్పూరు కాగితపు మిల్లు స్థాపింపబడిన పిమ్మట కాగజ్‌నగర్ అయినది. మిల్లునకు వెదురు, కర్ర తోలుట ఇచ్చటి లారీలకు చిరకాలముగా గల పని. 2014లో ఆగిపోయిన మిల్లు 2018లో తిరిగి ప్రారంభమైనది. కర్రతో పాటు పత్తి, ధాన్యము తోలుటకు కూడ పాత లారీలను ఉపయోగించు వారున్నారు.

మన దేశములో టాటావారు 1954లో జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ వారి సహకారముతో జంషెడ్‌పూరులో లారీలు తయారు చేయ నారంభించిరి. ఆ సహకారము 1969 వరకు సాగినది. మద్రాసులోని అశోక్ లేలాండు వారి లారీలు కూడ ఆ కాలము నుండియే వాడుకలోనున్నవి. అట్టి పాత తరహా ఇంజనులలో కంప్యూటరు ఉండదు. ఆయిల్ పంపు, ఫిల్టరు, రిలీఫ్ వాల్వు, మీటరు - ఈ నాలుగింటి పని తెలిసినచో లోపము ఎచ్చటనున్నదో రైతు తానే చాల వరకు గుర్తింపగలడు.

ప్రెషరు అనగా నేమి?

ఎద్దుబండి ఇరుసునకు కందెన ఎట్లో ఇంజను బేరింగులకు నూనె అట్లు. అడుగు చాంబరులోని నూనెను పంపు పీల్చి, ఫిల్టరు గుండ నెట్టి, సన్నని దారుల ద్వారా క్రాంకు బేరింగులకు, పైనున్న రాకరులకు పంపును. ఆ ప్రవాహమునకు ఎదురగు అడ్డే మీటరులో ప్రెషరుగా కనుపించును.

మోటారు పంపు పైపు చివరను బొటనవ్రేలితో సగము మూసి చూడుడు. పైపులో ఒత్తిడి పెరుగును, కాని మడిలోనికి పారు నీరు తగ్గును. ఇంజనులోను ఇంతే. ముల్లు పైకి పోయినంత మాత్రమున బేరింగులకు నూనె ఎక్కువగా పోవుచున్నదని తలపరాదు. ఒక్కొక్కప్పుడు బొత్తిగా పోకపోవుట చేతనే ముల్లు పైకి పోవును. ఈ సంగతి తెలిసినచో తక్కిన పరీక్షలన్నియు సులభముగా బోధపడును.

బాగుగా వేడెక్కిన డీజిలు ఇంజను నిమ్మళముగా తిరుగునపుడు చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలో, రోడ్డుపై పరుగెత్తునపుడు సుమారు 3 నుండి 5 కిలోల ప్రెషరు చూపుట సామాన్యము. మీటరుపై పౌనుల గుర్తులున్నచో 1 కిలో సుమారు 14 పౌనులకు సమానము. అయినను ఏ బండికి ఆ బండి పుస్తకములోని అంకెయే ప్రమాణము.

మొదటి పరీక్ష: మీటరు నిజము చెప్పుచున్నదా?

ఇంజను ఆపి కొంతసేపైన పిమ్మట, తిరిగి స్టార్టు చేయకుండ తాళపుచెవి మాత్రము త్రిప్పి చూడుడు. ముల్లు సున్న వద్ద నుండవలెను. ఇంజను తిరుగనిదే ప్రెషరు ఉండదు గదా! అప్పుడు కూడ ముల్లు పైననే ఉన్నచో తప్పు మీటరుది గాని, తీగెది గాని, ఇంజనునకు బిగించిన సెండరుది గాని అయియుండును.

కరెంటు మీటరులలో రెండు రకములున్నవి. ఒక రకములో తీగె తెగినచో ముల్లు చివరి వరకు పోవును. రెండవ రకములో తీగె పై తొడుగు ఒరిసికొని ఇనుమునకు తగిలినచో అట్లు జరుగును. సెండరు మరలకు టేపు మందముగా చుట్టుట వలన దానికి ఎర్తు సరిగా అందక తప్పుడు అంకె వచ్చుటయు కలదు. ఒక కంపెనీ మీటరునకు మరియొక రకపు సెండరు బిగించినను అంతే.

సన్నని రాగి గొట్టము ద్వారా నూనె నేరుగా మీటరునకు వచ్చు పాత బండ్లలో ఇంజను ఆపినను ముల్లు సున్నకు రానిచో మీటరు చెడినదనియో, గొట్టము పూడినదనియో గ్రహింపవలెను.

ఈ పరీక్షలో ముల్లు సున్నకు వచ్చినంత మాత్రమున మీటరు సరిగానున్నదని నిశ్చయించరాదు. సెండరు తీసివేసి అదే రంధ్రమునకు మెకానిక్కు వద్దనుండు పరీక్షా మీటరును బిగించి, ఇంజను చల్లగా నున్నపుడు ఒకసారి, వేడెక్కిన పిదప మరియొకసారి అంకెలను వ్రాసికొనవలెను. ఈ చిన్న పని చేయకుండ ఇంజనుపై పానా పెట్టనీయరాదు.

రెండవ పరీక్ష: చలి, నూనె చిక్కదనము

ఆదిలాబాదు, ఆసిఫాబాదు ప్రాంతములలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములలో చలి 10 డిగ్రీలకు దిగువకు పోవుట కలదు. అదే ప్రాంతములో మే నెలలో ఎండ 45 డిగ్రీల వరకు పోవును. చలికి కొబ్బరినూనె గడ్డకట్టుట మనమెరుగుదుము. ఇంజను నూనె అంతగా గడ్డకట్టకున్నను మిక్కిలి చిక్కబడును. 15డబ్ల్యు-40 నూనెకు 40 డిగ్రీల వద్ద గల చిక్కదనము 100 డిగ్రీల వద్ద సుమారు ఏడవ వంతునకు తగ్గును. కావున చలి ఉదయమున ముల్లు పైకి పోవుట, వేడెక్కిన కొలది దిగుట సహజము. అది రోగము కాదు.

డబ్బాపై నున్న గుర్తులో డబ్ల్యు అక్షరమునకు ముందున్న అంకె చలిలో నూనె ఎట్లు పారునో తెలుపును. అది ఎంత తక్కువైన చలిలో అంత తేలికగా పారును. తరువాతి అంకె వేడిలో నిలుచు చిక్కదనమును తెలుపును. ఒకే అంకె గల 40 నంబరు నూనె చలిలో మిక్కిలి బరువుగా పారును. ఇంజను అరిగినదని 50 నంబరు నూనె పోయుట, చిక్కపరచు మందులు కలుపుట ముల్లును పైకి లేపును గాని అరుగుదలను మాన్పవు. సకాలములో మార్చని నూనె మసితో నిండి తానే చిక్కబడును.

చేయవలసిన పని ఇది. పుస్తకములో చెప్పిన రకపు నూనె, క్రొత్త ఫిల్టరు వేసి, బండిని 15, 20 కిలోమీటర్లు నడిపి అప్పుడు అంకె చూడవలెను. నీరు వేడెక్కినంత త్వరగా నూనె వేడెక్కదు. చలి ఉదయములలో స్టార్టు చేసిన వెంటనే రేసు ఇయ్యరాదు. కొద్ది నిమిషములు నిమ్మళముగా తిరుగనిచ్చి, పిమ్మట నెమ్మదిగా బయలుదేరవలెను.

మూడవ పరీక్ష: ఫిల్టరు

మీటరునకు పోవు గొట్టము గాని సెండరు గాని ఫిల్టరునకు ముందున్నదా, తరువాత నున్నదా అని చూడుడు. ముందున్నచో, ఫిల్టరు పూడినపుడు మీటరు ఎక్కువ చూపును, బేరింగుల వద్ద నూనె తగ్గును. తరువాత నున్నచో పూడిన ఫిల్టరు వలన అంకె తగ్గును గాని పెరుగదు. అనేక బండ్లలో ఫిల్టరు పూడినపుడు నూనె ప్రక్కదారిన పోవుటకు ఒక వాల్వు ఉండును. అది తెరచుకొన్నచో బేరింగులకు నూనె అందును గాని, మురికితో సహా అందును. కావున ఫిల్టరు మార్పును వాయిదా వేయరాదు.

నాలుగవ పరీక్ష: రిలీఫ్ వాల్వు

ప్రెషరు మితి మీరినపుడు స్ప్రింగును నెట్టుకొని తెరచుకొని, అదనపు నూనెను తిరిగి చాంబరునకు వదలునదే రిలీఫ్ వాల్వు. చెరువు నిండినపుడు అలుగు పారుట వంటిది దీని పని. మురికి చేత అది మూసికొని పట్టుకొన్నను, మరమ్మతు సమయమున గట్టి స్ప్రింగు గాని ఎక్కువ వాషరులు గాని వేసినను అలుగు పారదు.

గుర్తు: ఇంజను బాగుగా వేడెక్కిన తరువాత కూడ రేసు పెంచిన కొలది పరీక్షా మీటరులో ముల్లు ఎక్కడను ఆగక ఎక్కుచునే యుండును. వాల్వు మంచిదైనచో ఒక అంకె వద్ద నిలిచిపోవును. ఈ స్థితిలో బండిని నడిపినచో ఫిల్టరు డబ్బా ఉబ్బుట, గాస్కెట్టు పగులుట, పంపును త్రిప్పు పండ్లచక్రము అరుగుట జరుగును. వాల్వును విప్పి, కడిగి, గీతలు పడియున్నచో మార్చి, పుస్తకములో చెప్పిన స్ప్రింగునే బిగించవలెను. కారణము కనుగొనకుండ అంకె దించుటకై స్ప్రింగును వదులు చేయుట ప్రమాదకరము.

ఐదవ పరీక్ష: నూనె దారులు

పై నాలుగును సరిగానున్నచో మాత్రమే ఇది చూడవలెను. చాలకాలము నిలిపియుంచిన బండిలోను, నూనె సరిగా మార్చని బండిలోను దారులలో మడ్డి పేరుకొనును. ఇంజను కట్టినపుడు బేరింగు రంధ్రము దారికి ఎదురుగా పడకపోవుట, గాస్కెట్టు తిరుగబడి రంధ్రమును మూయుట కూడ కలదు. టాపెట్ కవరు విప్పి, ఇంజను నిమ్మళముగా తిరుగుచుండగా చూడుడు. రాకరులపై నూనె ఊరుచు తడిగా నుండవలెను. మీటరు ఎక్కువ చూపుచుండగా రాకరులు పొడిగానుండి టకటక శబ్దము వచ్చుచున్నచో ఇంజనును వెంటనే ఆపి, బండిని మరియొక బండితో లాగించి షెడ్డునకు చేర్చవలెను. సరుకును వేరు బండిలో పంపుట మేలు.

జాగ్రత్తలు

పరీక్షలకు ముందు హ్యాండు బ్రేకు వేసి, చక్రములకు రాళ్లు అడ్డము పెట్టవలెను. వేడి నూనె చేతులను కాల్చును. తీసివేసిన నూనె చర్మమునకు హానికరము. దానిని బావి, వాగు, పొలము దరిని పోయరాదు. డబ్బాలో నిలువచేసి, అనుమతి పొందిన సేకరణదారులకు ఇయ్యవలెను.

2019 తరువాత పల్లె ప్రగతి కార్యక్రమమున గ్రామ పంచాయతీలకు సమకూర్చిన ట్రాక్టర్లకును ఈ వరుసయే వర్తించును. నూనె, ఫిల్టరు మార్చిన తేదీ, తిరిగిన గంటలు, చల్లగా నున్నపుడు, వేడిగా నున్నపుడు మీటరు చూపిన అంకెలు ఒక పుస్తకములో వ్రాయించుట గ్రామాధికారులకు కష్టము కాదు. నిన్నటి అంకె తెలిసిన వానికే నేటి అంకెలోని తేడా కనుపించును.

ముందుగా మీటరు, తరువాత నూనె, పిదప ఫిల్టరు, ఆపై రిలీఫ్ వాల్వు, అన్నిటికంటె చివర నూనె దారులు - ఈ వరుస తప్పనిచో అనవసరముగా ఇంజను విప్పించు ఖర్చు తప్పును, పంట తోలుకొను రోజులలో బండి దారిలో నిలిచిపోకుండును.