కంప్యూటర్ సీటుకు లెక్కల దారి



"అన్నా! మేము కంప్యూటరే ముట్టుకోలేదు. మాకు కంప్యూటర్ సైన్స్ సీటు ఎలా వస్తుంది?" అని నేను హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా మీలో ఎవరో ఒకరు అడుగుతారు. పదో తరగతిలో నాదీ ఇదే భయం. ఎంపీసీ వద్దనుకుని వేరే గ్రూపుకు దరఖాస్తు కూడా నింపాను. మా లెక్కల మాస్టారు "ముందు ప్రశ్నాపత్రం చూడరా" అంటూ పాత ఎంసెట్ పేపరు చేతిలో పెట్టారు. అందులో కంప్యూటర్ గురించి ఒక్క ప్రశ్నా లేదు! దరఖాస్తు మార్చుకున్నాను.

నాటి ఎంసెట్టే నేటి ఈఏపీసెట్. ఇంజనీరింగ్ పరీక్షలో 160 ప్రశ్నలు: లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అంటే సగం మార్కులు లెక్కలవే. తప్పు జవాబుకు మార్కులు తగ్గవు కనుక ఏ ప్రశ్ననూ వదలకండి. ఎన్.ఐ.టీ.లలో చేరడానికి రాసే జేఈఈ మెయిన్‌లో మూడు సబ్జెక్టులకూ 25 చొప్పున 75 ప్రశ్నలు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. అక్కడ గుడ్డిగా గుర్తించరాదు. 2021 నుండి ఈ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు.

మరో దారి పదో తరగతి మార్కులు. 2008లో మొదలైన బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలలో ఆ మార్కులను బట్టే ఆరేళ్ళ కోర్సుకు ఎంపిక చేస్తారు. రెండేళ్ళు పీయూసీ, నాలుగేళ్ళు బీటెక్.

ఇక కంప్యూటర్ ఆలోచన కాగితం మీదే నేర్చుకోవచ్చు. 96, 36ల గ.సా.భా. కనుక్కోండి. 96ను 36తో భాగిస్తే శేషం 24. 36ను 24తో భాగిస్తే శేషం 12. 24ను 12తో భాగిస్తే శేషం 0. కనుక జవాబు 12. రెండు వేల ఏళ్ళకు పైబడిన ఈ యూక్లిడ్ పద్ధతి ఒక అల్గారిథం. ఇలాంటి మెట్లను యంత్రానికి అర్థమయ్యే భాషలో రాస్తే అదే ప్రోగ్రాం.

ఈ రోజు నుండే మూడు పనులు చేయండి:

1. స్టడీ అవర్‌లో రోజూ ఒక గంట లెక్కలకే కేటాయించండి.
2. తప్పు చేసిన లెక్కలకు వేరే నోటుబుక్కు పెట్టి, ఆదివారం వాటినే మళ్ళీ చేయండి.
3. ప్రతి తెలుగు పదం పక్కన ఇంగ్లీషు పదం రాసుకోండి. బీటెక్ క్లాసులో మొదటి నెల నన్ను ఏడిపించినవి లెక్కలు కావు, ఆ పదాలే.

కంప్యూటర్ లేదని ఎంపీసీ వదులుకోవద్దు. తెల్లకాగితం, పెన్సిలు మన హాస్టల్లోనూ ఉన్నాయి!