క్రీడాకారుల నడుము నొప్పి, మడమ నొప్పి: హస్తచికిత్స

మన గ్రామములలో యువతీయువకులు కబడ్డీ, వాలీబాల్ ఆటలయందును, పోలీసు, సైనిక ఎంపికలకై పరుగు సాధనయందును మిక్కిలి శ్రద్ధ వహించుచున్నారు. అయితే నడుము నొప్పియో, మడమ నొప్పియో పట్టుకొని నెలల తరబడి వదలనందున కొందరు ఆటనే మానుకొనుచున్నారు. ఇట్టి బాధలకు చేతితో చేయు చికిత్స ఎంతవరకు ఉపకరించునో, ఎప్పుడు తగదో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

నొప్పి ఎట్లు కలుగును?

మడమ ఎముక నుండి కాలివ్రేళ్ల మొదళ్ల వరకు అరికాలిలో గట్టి పొర యొకటి కలదు. గట్టినేలపై ఒక్కసారిగా పరుగు పెంచినచో ఈ పొర మడమవద్ద దెబ్బతినును. ఉదయము లేచి వేయు మొదటి అడుగులలో పోటు హెచ్చుగా నుండుట దీని గుర్తు. విశ్రాంతి లేని సాధనవలన నడుము కండరములపైనను, కీళ్లపైనను భారము పెరిగి నొప్పి కలుగవచ్చును. మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక మందురు.

చికిత్స ఫలమెంత?

శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు కండరములను మర్దించి, బిగిసిన కీళ్లను మెల్లగా కదల్చును. దీనివలన కొంతకాలము నొప్పి తగ్గి, కదలిక సులభమగును. తొలగిన ఎముకను స్థానములో కూర్చుట ఇందు జరుగదు. ఆ ఊరట లభించినప్పుడే వ్యాయామము సాగించి బలము పెంచుకొనవలెను. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన సూచనలలో మర్దనము, వెన్ను కీళ్లను కదల్చు చికిత్స, వ్యాయామము ఉన్నవి. నడుము బెల్టులను, ట్రాక్షనును అది సిఫారసు చేయలేదు.

మడమ నొప్పికి, గోడకు చేతులానించి, నొప్పి కాలిని వెనుకకు పెట్టి, మడమ లేవకుండ ముందుకు వంగవలెను. పిక్క సాగునట్లు అరనిమిషము చొప్పున మూడుసార్లు చేయవలెను. కూర్చుండి తువ్వాలుతో కాలివ్రేళ్లను తనవైపు లాగుకొనుటయు మంచిదే.

చేయరానివి

ఎదురుకాళ్లతో పుట్టినవారు నడుము త్రొక్కినచో నొప్పి పోవునను నమ్మకము కొన్ని గ్రామములలో కలదు. ఇది ప్రమాదకరము. వేగముగా బంతి విసరు బాలుర వెన్నుపూసలో సన్నని బీట యేర్పడవచ్చును. వెనుకకు వంగినప్పుడు నొప్పి హెచ్చును. పాదములో ఒకేచోట ఎముకపై తాకినంతనే నొప్పి కలిగినచో అదియు బీట కావచ్చును. ఇట్టి చోట్ల మర్దనము చేయక వైద్యునికి చూపవలెను. కాలు బలహీనమైనను, తొడల నడుమ తిమ్మిరి యెక్కినను, మలమూత్రములపై అదుపు తప్పినను క్షణమైనను జాగు చేయక ఆసుపత్రికి చేర్చవలెను. ఆలస్యమైనచో ఆ లోపము శాశ్వతము కావచ్చును.

పంచాయతీ కర్తవ్యము

ఆటస్థలమున రాళ్లు ఏరించి, నేల చదును చేయించుడు. పరుగు దూరమును క్రమముగా పెంచవలెనని సాధకులకు చెప్పుడు. సమీపమున ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో, ఏ దినములందు ఫిజియోథెరపిస్టు లభించునో విచారించి, ఆ వివరము పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుడు. సకాలమున సరియైన చోటికి పంపుటయే నొప్పితో బాధపడు క్రీడాకారునికి గ్రామము చేయగల గొప్ప సాయము.