పాత లారీ: ఇంజిను జబ్బు కనిపెట్టడం ఎలా?

విశాఖపట్నంలో ఓడరేవు ఉంది. దాన్ని 1933లో తెరిచారు. ఉక్కు కర్మాగారం ఉంది. దాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. ఓడల్లో బొగ్గు వస్తుంది. ఎరువులు వస్తాయి. ఇనుప ఖనిజం, ఉక్కు బయటికి పోతాయి. ఈ సరుకంతా కదలాలంటే రైళ్లు కావాలి. లారీలు కావాలి.

లారీలు ఎక్కువ ఉన్నచోట వాటిని బాగుచేసేవాళ్లూ ఎక్కువే ఉంటారు. గాజువాక ఆటోనగర్‌లో చాలా షెడ్లు ఉన్నాయి. ఒక షెడ్డులో ఇంజిను పని. ఒక షెడ్డులో నాజిళ్ల పని. ఇంకోచోట బాడీ పని. చుట్టుపక్కల పల్లెల పాత బండ్లు కూడా ఇక్కడికి వస్తాయి.

అనకాపల్లి వైపు ఒక చెరకు రైతు ఉన్నాడనుకుందాం. అతని దగ్గర పాత టాటా 407 ఉంది. ఇది చిన్న లారీ. ఈ రకం బండ్లు 1986లో వచ్చాయి. చెరకు, బెల్లం, కూరగాయలు మోసే రైతులకు బాగా అక్కరకొచ్చాయి. ఈ రైతు బండి రెండు వానాకాలాలు చింతచెట్టు కింద పడి ఉంది. బెల్లం రోజులు వచ్చేలోగా దాన్ని నడిపించాలి. లేకపోతే ప్రతి దిమ్మకూ కిరాయి కట్టాలి. కిరాయి పోను మిగిలేది తక్కువ.

బండికి మూడు జబ్బులు ఉన్నాయి. పొద్దున్న సెల్ఫు కొడితే తొందరగా స్టార్టు కాదు. స్టార్టు అయ్యాక తెల్ల పొగ వస్తుంది. మిట్ట ఎక్కేటప్పుడు నల్ల పొగ కక్కి ఆగిపోతుంది. చూసినవాళ్లు “ఇంజిను పోయింది, బోరు చేయించాలి” అన్నారు. బోరు చేయించడమంటే ఇంజిను పూర్తిగా విప్పాలి. సిలిండర్లు సరిచేయాలి. కొత్త పిస్టన్లు, రింగులు వెయ్యాలి. అది పెద్ద ఖర్చు. అప్పు చేస్తేగాని కాదు.

రైతు ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్లాడు.

“మేస్త్రిగారూ, ఇంజిను పోయింది అంటన్నారు. బోరు చేయించాలంట. నిజమేనేటి?”

“ఎవరు పరీక్ష చేసి చెప్పారు బాబూ?”

“పరీక్ష ఏటీ లేదు. పొగ చూసి చెప్పారు.”

“పొగ ఒక్కటి చూసి ఇంజిను విప్పకూడదు. జొరం వచ్చిందని కడుపు కోస్తామేటి? ముందు కారణం వెతుకుదాం.”

మేస్త్రి మూడు సూత్రాలు చెప్పాడు.

1. ఖర్చు లేని పరీక్షలు ముందు చెయ్యాలి. ఖర్చయ్యేవి తర్వాత.

2. ఒకసారికి ఒక్కటే మార్చాలి. నాలుగు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగయిందో తెలియదు.

3. చూసింది, చేసింది కాగితం మీద రాయాలి.

రైతు భార్య అక్షర కేంద్రంలో చదువు నేర్చుకుంది. “నోటు పుస్తకం నేను రాస్తాను” అంది.

ఇంజిను ఎలా నడుస్తుంది?

జబ్బు తెలియాలంటే ముందు ఒళ్లు తెలియాలి. సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగు వేడెక్కుతుంది. గాలిని గట్టిగా నొక్కితే వేడి పుడుతుంది. డీజిల్ ఇంజిను ఈ సూత్రం మీదే నడుస్తుంది. పిస్టన్ గాలిని నొక్కుతుంది. గాలి ఉండే చోటు సుమారు 17 నుంచి 20 వంతుల్లో ఒక వంతుకు తగ్గిపోతుంది. గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు నాజిలు డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్ముతుంది. అది దానంతటదే అంటుకుంటుంది. ఆ మంట పిస్టన్‌ను తోస్తుంది. బండి నడుస్తుంది.

కాబట్టి ఇంజినుకు మూడు కావాలి. చాలినంత గాలి. సరైన డీజిల్. గట్టి ఒత్తిడి. ఈ ఒత్తిడినే మెకానిక్కులు కంప్రెషన్ అంటారు. మూడింటిలో ఏది తగ్గినా ఇంజిను సరిగా నడవదు.

పొగ ఏమి చెబుతుంది?

కట్టెల పొయ్యికి గాలి ఆడకపోతే పొగ చూరుతుంది. ఇంజినూ అంతే.

నల్ల పొగ: డీజిల్ ఎక్కువైంది, లేదా గాలి తక్కువైంది. గాలి ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు. నాజిలు చెడి ఉండొచ్చు. బండి మీద బరువు ఎక్కువై ఉండొచ్చు.

తెల్ల పొగ: డీజిల్ సరిగా మండటం లేదు. ఇది ఘాటుగా ఉంటుంది. కళ్లు మండుతాయి. చలి పొద్దున్న కొంచెంసేపు వస్తే భయం లేదు. ఇంజిను వేడెక్కాక కూడా తెల్లగా ఆవిరి వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే జాగ్రత్త. నీళ్లు సిలిండర్‌లోకి పోతున్నాయేమో చూడాలి.

నీలం పొగ: ఇంజిన్ ఆయిల్ మండుతోంది. రింగులు గాని, వాల్వుల సీళ్లు గాని అరిగి ఉండొచ్చు.

ఒకే రంగు పొగకు చాలా కారణాలు ఉంటాయి. పొగ దారి చూపిస్తుంది. తీర్పు చెప్పదు.

మొదటి రోజు: స్టార్టు చేయకుండా చూసినవి

చాలాకాలం పడి ఉన్న బండికి వెంటనే సెల్ఫు కొట్టకూడదు. మేస్త్రి ముందు ఆయిల్ కమ్మీ తీసి చూశాడు. ఆయిల్ నల్లగా ఉంది. డీజిల్ ఇంజినులో అది మామూలే. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు కలిసినట్టు. అప్పుడు ఇంజినును అసలు తిప్పకూడదు. ఆయిల్ మట్టం దానంతటది పెరిగి, డీజిల్ వాసన వస్తే డీజిల్ కలిసినట్టు. ఈ బండికి ఆ రెండూ లేవు. మేస్త్రి ఆయిల్, ఆయిల్ ఫిల్టరు మార్పించాడు. రేడియేటర్‌లో నీళ్లు చూశాడు. ఇంజినును చేత్తో తిప్పాడు. అది పట్టేయలేదు.

తర్వాత బ్యాటరీ చూశాడు. మొనల మీద తెల్లని పొడి పేరుకుంది. పొడి ఉంటే కరెంటు సరిగా పోదు. సెల్ఫు మెల్లగా తిరుగుతుంది. మెల్లగా తిరిగితే గాలి వేడెక్కదు. వేడెక్కకపోతే డీజిల్ అంటుకోదు. వైర్లు విప్పి, మొనలు గీకి శుభ్రం చేశారు. సముద్రం దగ్గర ఉప్పు గాలి ఉంటుంది. ఇక్కడ వైర్ల మొనలు తొందరగా చెడతాయి. బిగించాక వాటికి వాసెలిన్ పూయాలి.

గాలి ఫిల్టరు తీశారు. అది దుమ్ముతో నిండిపోయింది. లోపల ఎలుక గూడు కూడా ఉంది! బొగ్గు, ఖనిజం దుమ్ము ఉండే రోడ్ల మీద తిరిగే బండ్లకు ఫిల్టరు తొందరగా మూసుకుపోతుంది. అలాంటి బండ్లకు తరచుగా చూడాలి. కొత్త ఫిల్టరు వేశారు.

రెండో రోజు: డీజిల్ దారి

మేస్త్రి ట్యాంకు అడుగు నుంచి కొంచెం డీజిల్ గాజు సీసాలో పట్టాడు. సీసాను కదపకుండా ఉంచాడు. కాసేపటికి అడుగున నీళ్లు, తుప్పు కనిపించాయి. నీళ్లు డీజిల్ కన్నా బరువు. అందుకే అడుక్కి చేరతాయి. ట్యాంకు కడిగి, డీజిల్ ఫిల్టర్లు మార్చారు.

ఆ తర్వాత ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపును చేత్తో తడిమాడు. ఒకచోట రబ్బరు చీలి ఉంది. “ఇక్కడ డీజిల్ కారటం లేదు కదా” అన్నాడు రైతు.

“ఇది పీల్చే పైపు బాబూ. ఇక్కడ డీజిల్ బయటికి రాదు. గాలే లోపలికి పోతాది. అందుకే కంటికి దొరకదు. రాత్రి బండి ఆపాక డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతాది. పొద్దున్న స్టార్టు కాకపోడం అందుకే.”

కొత్త పైపు వేశారు. డీజిల్ దారిలో చేరిన గాలిని తియ్యాలి. దీన్ని ఎయిర్ తియ్యడం అంటారు. ఫిల్టరు మీది చిన్న స్క్రూ వదులు చేశారు. చేతి పంపు కొట్టారు. మొదట నురుగు వచ్చింది. బుడగలు ఆగి, డీజిల్ ధారగా వచ్చాక స్క్రూ బిగించారు. బండి పొద్దున్నే స్టార్టు అయింది. మొదటి జబ్బు పోయింది. నల్ల పొగ కూడా చాలా తగ్గింది. తెల్ల పొగ మాత్రం ఇంకా వస్తోంది.

మూడో రోజు: ఏ సిలిండరు?

ఈ ఇంజినుకు నాలుగు సిలిండర్లు. ఇంజిను నెమ్మదిగా నడుస్తోంది. మేస్త్రి ఒక్కొక్క నాజిలు పైపు నట్టును కొంచెం వదులు చేసి, మళ్లీ బిగించాడు. మొదటిది వదులు చేస్తే ఇంజిను చప్పుడు తగ్గింది. అంటే ఆ సిలిండరు పని చేస్తోంది. రెండోది, నాలుగోది కూడా అంతే. మూడోది వదులు చేస్తే చప్పుడు మారలేదు. అంటే మూడో సిలిండరు సరిగా పని చేయడం లేదు.

ఇది నాజిలు తప్పా? సిలిండరు తప్పా? ఇక్కడే చాలామంది తొందరపడి ఇంజిను విప్పిస్తారు. మేస్త్రి విప్పలేదు. మూడో నాజిలును మొదటిదాంట్లో పెట్టాడు. మొదటి నాజిలును మూడోదాంట్లో పెట్టాడు. కొత్త రాగి వాషర్లు వేశాడు. మళ్లీ పరీక్ష చేశాడు. ఇప్పుడు మూడో సిలిండరు బాగుంది. మొదటిది పని చేయడం లేదు. తప్పు నాజిలుతో పాటు కదిలింది. కాబట్టి నాజిలుదే తప్పు. తప్పు మూడోదాంట్లోనే ఉండిపోతే, సిలిండరును గాని, అక్కడికి వచ్చే పంపును గాని అనుమానించాలి.

నాజిళ్ల షెడ్డులో పరీక్ష చేశారు. చెడిన నాజిలు తుంపర చిమ్మడం లేదు. చుక్కలుగా కారుస్తోంది. దాన్ని మార్చారు. తెల్ల పొగ పోయింది.

చివరగా మేస్త్రి ఆయిల్ పోసే మూత తీశాడు. రింగులు అరిగితే అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పున తన్నుతుంది. దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఇక్కడ కొంచెం ఆవిరే ఉంది. గేజి పెట్టి కంప్రెషన్ కొలిచాడు. నాలుగు సిలిండర్లూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి.

“బోరు అక్కర్లేదు బాబూ” అన్నాడు.

నోటు పుస్తకంలో రాసింది

1వ రోజు – బ్యాటరీ మొనలు శుభ్రం. ఆయిల్, గాలి ఫిల్టరు కొత్తవి.

2వ రోజు – ట్యాంకులో నీళ్లు. కడిగారు. డీజిల్ ఫిల్టర్లు, పైపు కొత్తవి. స్టార్టు బాగుంది. నల్ల పొగ తగ్గింది. తెల్ల పొగ ఉంది.

3వ రోజు – నాజిలు 1 మార్చారు. తెల్ల పొగ లేదు. కంప్రెషన్ బాగుంది.

నాజిళ్ల షెడ్డు బిల్లు వచ్చింది. రైతు భార్య బిల్లునూ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చదివింది. “బిల్లులో నాజిళ్లు 4 అని ఉంది. మార్చింది ఒకటే కదండీ?” అని అడిగింది. షెడ్డువాళ్లు చూసి, బిల్లు దిద్ది ఇచ్చారు.

బోరు తప్పింది. అప్పు తప్పింది. అయితే అన్ని బండ్లకూ ఇలా తప్పదు. కంప్రెషన్ బాగా తగ్గితే, ఆయిల్‌లో నీళ్లు కలిస్తే, ఇంజిను విప్పక తప్పదు. కాని అది పరీక్షలయ్యాక తేలాలి. ముందే కాదు.

ప్రాణం ముఖ్యం

వేడిగా ఉన్న రేడియేటర్ మూత తియ్యకూడదు. మరిగే నీళ్లు ఎగజిమ్ముతాయి.

నాజిలు దగ్గర డీజిల్ చాలా ఒత్తిడితో వస్తుంది. అది చర్మంలోకి దిగిపోతుంది. అలా దిగితే చిన్న గాయమే కదా అని ఊరుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఆ నట్లు తెలిసిన మెకానిక్కే కళ్లద్దాలు పెట్టుకుని విప్పాలి.

మూసిన షెడ్డులో ఇంజిను నడపకూడదు. ఆ పొగలో విషవాయువు ఉంటుంది.

తువ్వాలు, చీర కొంగు ఫ్యానుకు దూరంగా ఉంచాలి.

ఇంజిను బాగయిందని వెంటనే రోడ్డెక్కకూడదు. బ్రేకులు, స్టీరింగు, టైర్లు, లైట్లు చూడాలి. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి.

కొత్త బండ్లు వేరు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బి.ఎస్.-6 బండ్లే అమ్ముతున్నారు. వాటిలో కంప్యూటరు ఉంటుంది. డీజిల్ ఒత్తిడి మరీ ఎక్కువ. వాటి నాజిలు పైపులు ఇలా వదులు చేయకూడదు. కాని మూడు సూత్రాలు వాటికీ వర్తిస్తాయి. పొలంలోని డీజిల్ పంపుసెట్టుకూ వర్తిస్తాయి.

ఆలోచించండి, చర్చించండి

1. ఇంజినుకు కావలసిన మూడు ఏవి?

2. పీల్చే పైపు చీలితే డీజిల్ ఎందుకు కారదు?

3. మేస్త్రి రెండు నాజిళ్లను తారుమారు చేసి ఏమి తెలుసుకున్నాడు?

4. నోటు పుస్తకం లేకపోతే ఈ రైతుకు ఏమి నష్టం జరిగేది?

చేసి చూడండి

మీ ఇంట్లో బండి గాని, పంపుసెట్టు గాని ఉందా? ఒక నోటు పుస్తకం పెట్టండి. తారీఖు, జబ్బు, చేసిన పని, అయిన ఖర్చు రాయండి. తర్వాతిసారి మెకానిక్కు దగ్గరికి దాన్ని తీసుకెళ్లండి.