ఎలక్ట్రిక్ స్కూటర్ మీద 20 లీటర్ల వాటర్ క్యాన్: రేంజ్ తగ్గుతుందా? అసలు చూడాల్సింది ఏంటి?

ఎలక్ట్రిక్ స్కూటర్ రివ్యూల్లో టాప్ స్పీడ్, టచ్‌స్క్రీన్, యాప్ ఫీచర్లు అన్నీ ఉంటాయి. కానీ మన ఇళ్లలో ఆ స్కూటర్ రోజూ చేసే పని ఒకటి ఏ రివ్యూలోనూ కనిపించదు. అదే వాటర్ ప్లాంట్ నుంచి తాగే నీళ్ల క్యాన్ తేవడం. ఆంధ్రప్రదేశ్‌లో 2014 అక్టోబర్ 2న మొదలైన ఎన్టీఆర్ సుజల స్రవంతి పథకం కూడా 2 రూపాయలకు 20 లీటర్లు అనే లెక్కతోనే వచ్చింది. అంటే 20 లీటర్ల క్యాన్ మనకు ఒక కొలత లాంటిది.

మా ఇంట్లో నీళ్లు తెచ్చేది ఎక్కువగా అమ్మే. ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుందాం అనగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "అంత బరువు పెడితే ఛార్జింగ్ దారిలోనే అయిపోదా?" మంచి ప్రశ్నే. లెక్క వేసి చూద్దాం.

రేంజ్ ఎంత తగ్గుతుంది?

లీటరు నీళ్లు ఒక కేజీ. 20 లీటర్లకు 20 కేజీలు, ఖాళీ క్యాన్ బరువు కూడా కలిపి 21 కేజీలు అనుకుందాం. ప్లాంట్ నుంచి ఇంటికి 2 కి.మీ. దూరం. దారిలో 10 సార్లు ఆగి, ప్రతిసారీ మళ్లీ 40 కి.మీ. వేగం అందుకున్నాం, మధ్యలో 10 మీటర్ల ఎత్తున్న ఒక ఫ్లైఓవర్ ఎక్కాం అనుకుందాం. క్యాన్ వల్ల అదనంగా అయ్యే ఖర్చు ఇది:

- 10 సార్లు వేగం అందుకోవడానికి: సుమారు 3.6 వాట్ అవర్లు
- టైర్ల రాపిడికి: సుమారు 1.7 వాట్ అవర్లు
- ఫ్లైఓవర్ ఎక్కడానికి: సుమారు 0.6 వాట్ అవర్లు

మొత్తం 5.9. మోటార్, కంట్రోలర్‌లో 20 శాతం వృథా అవుతుందనుకుంటే 7.4 వాట్ అవర్లు. 3 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో రోడ్డు మీద నిజంగా 100 కి.మీ. వచ్చే స్కూటర్ కి.మీ.కి 30 వాట్ అవర్లు వాడుతుంది. అంటే క్యాన్ వల్ల మనం పోగొట్టుకునే రేంజ్ 250 మీటర్లు, అంతే! పైగా వెనక కూర్చునే మనిషి బరువు దాదాపు మూడు క్యాన్లతో సమానం. మనిషిని మోసే స్కూటర్‌కి ఒక క్యాన్ లెక్కే కాదు. టైర్లలో గాలి తక్కువున్నా, స్పోర్ట్ మోడ్‌లో నడిపినా ఇంతకంటే ఎక్కువే పోతుంది.

కాబట్టి ఛార్జింగ్ గురించి బెంగ అక్కర్లేదు. చూడాల్సింది ఆపేటప్పుడు, తిప్పేటప్పుడు ఏం జరుగుతుందో.

బ్రేక్ వేసినప్పుడు

స్కూటర్, నడిపేవాళ్లు కలిపి 180 కేజీలు అనుకుంటే క్యాన్‌తో 201 అవుతుంది. అదే వేగంలో 12 శాతం ఎక్కువ శక్తిని బ్రేకులు ఆపాలి. ఎప్పటిలాగే బ్రేక్ నొక్కితే 15 మీటర్లలో ఆగే బండి దాదాపు 17 మీటర్లు తీసుకుంటుంది. ఆ 2 మీటర్లలోనే ముందున్న ఆటో ఉండొచ్చు.

ఇంకోటి, క్యాన్‌కి మనలాగా పట్టుకోవడానికి చేతులు లేవు. కాస్త గట్టిగా బ్రేక్ వేస్తే అది 10 కేజీల బరువుకి సమానమైన బలంతో ముందుకు తోసుకొస్తుంది. వెనక సీటు మీద ఉంటే ఆ తోపు నడిపేవాళ్ల నడుముకి తగులుతుంది. ఫుట్‌బోర్డ్ మీద ముందు ప్యానెల్‌కి ఆనించి పెడితే జారడానికి చోటుండదు. అదే నాలుగు వేళ్ల సందు ఉంటే జారి వచ్చి గుద్దుతుంది.

నిండుకుండ తొణకదు

ఈ సామెత పక్కా ఫిజిక్స్. నిండా ఉన్న క్యాన్‌లో నీళ్లు కదలడానికి ఖాళీ ఉండదు, బరువు ఒకచోటే ఉంటుంది. సగం క్యాన్‌లో నీళ్లు మలుపులో ఒక పక్కకి, బ్రేక్ వేస్తే ముందుకి పోతాయి. బరువు తక్కువైనా బండి ఊగుతుంది. అందుకే 20 లీటర్ల క్యాన్‌లో 10 లీటర్లు తేవడం కంటే, 10 లీటర్ల క్యాన్ నిండా తేవడం మేలు.

ఎక్కడ పెట్టాలి?

వెనక సీటు: క్యాన్ బరువు నేల నుంచి మీటరు ఎత్తున ఉంటుంది. మలుపుల్లో, నెమ్మదిగా వెళ్లేటప్పుడు బండి తేలిగ్గా ఒరుగుతుంది. తప్పదంటే సాగే తాడు ఒక్కటి చాలదు, క్యారియర్‌కి రెండు వైపులా బిగించాలి.

రెండు పక్కలా వేలాడదీయడం: వెళ్లేటప్పుడు బ్యాలెన్స్ బాగానే ఉంటుంది. ఇంటి దగ్గర ఒకటి దించగానే రెండో పక్క 21 కేజీలు బండిని లాగేస్తాయి. సెంటర్ స్టాండ్ వేసి, ఇంకొకరు హ్యాండిల్ పట్టుకున్నాకే దించాలి.

ఫుట్‌బోర్డ్: బరువు కిందే ఉంటుంది, మూడింటిలో ఇదే నయం. కానీ రెండు షరతులు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరగాలి, క్యాన్‌కి తగలకూడదు. రెండు పాదాలు ఫుట్‌బోర్డ్ మీదే పట్టాలి. కాళ్లు బయటికి చాపి నడపాల్సి వస్తే ఆ స్కూటర్‌కి 20 లీటర్ల క్యాన్ సరిపోదు, 10 లీటర్లవి వాడండి.

సీటు కింద 34 లీటర్ల బూట్ ఉందిగా అంటారా? అది లోపలి మొత్తం ఖాళీ లెక్క. క్యాన్ ఎత్తు దాదాపు అర మీటరు, అది నిలబడేంత లోతు అక్కడ ఉండదు. ముందున్న హుక్ కూడా కూరగాయల సంచికే, క్యాన్‌కి కాదు.

ఎలక్ట్రిక్ కాబట్టి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సినవి

1. క్యాన్ ఎక్కించే ముందు, దించే ముందు బండి ఆఫ్ చేయండి. పెట్రోల్ బండి ఆన్‌లో ఉంటే చప్పుడు తెలుస్తుంది. ఇది నిశ్శబ్దంగా రెడీగా ఉంటుంది. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని క్యాన్ లాగితే థ్రాటిల్ తిరిగి బండి ముందుకు దూకుతుంది. మొత్తం ఆర్టికల్‌లో ఒక్కటే గుర్తుంచుకుంటా అంటే ఇదే గుర్తుంచుకోండి.

2. ఎకో మోడ్‌లో నడపండి. ఎలక్ట్రిక్ మోటార్ టార్క్ మొదటి క్షణం నుంచే వస్తుంది. క్యాన్ జారేది చాలాసార్లు ఆ మొదటి కుదుపుకే.

3. 100 శాతం ఛార్జ్ ఉన్నప్పుడు చాలా స్కూటర్లలో రీజెన్ బ్రేకింగ్ తగ్గిపోతుంది. థ్రాటిల్ వదిలితే బండి దానంతటదే నెమ్మదిస్తుందని అలవాటు పడ్డవాళ్లు ముందే బ్రేక్ మీద వేళ్లు ఉంచాలి.

4. నాలుగు చుక్కలు ఒలికితే భయపడకండి. ఐపీ67 బ్యాటరీని మీటరు లోతు నీళ్లలో అరగంట పెట్టి టెస్ట్ చేస్తారు. కానీ ఆ రేటింగ్ బ్యాటరీ ప్యాక్‌కి మాత్రమే. ఛార్జింగ్ పోర్ట్ తడిస్తే ఆరేదాకా ఛార్జర్ పెట్టొద్దు.

5. మాన్యువల్‌లో గరిష్ఠ బరువు ఎంతో చూడండి. నడిపేవాళ్లు, వెనక కూర్చునేవాళ్లు, క్యాన్ అన్నీ అందులోకే వస్తాయి.

ఈసారి షోరూమ్‌కి టెస్ట్ రైడ్‌కి వెళ్తే నీళ్లు నింపిన క్యాన్ ఒకటి తీసుకెళ్లండి. ఆపి ఉన్న బండి ఫుట్‌బోర్డ్ మీద పెట్టి, ఇంట్లో నీళ్లు తెచ్చేది ఎవరైతే వాళ్లనే కూర్చోబెట్టి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పించండి. పాదాలు పట్టాయా, హ్యాండిల్ తగిలిందా అన్నది రెండు నిమిషాల్లో తేలిపోతుంది. స్పెసిఫికేషన్ షీట్‌లో మాత్రం ఆ రెండూ ఉండవు.