సర్జన్ కాకపోయినా క్యాన్సర్ పరిశోధనలోకి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో కణితిని తీయడానికి ఏడు నుంచి పది నిమిషాల ముందు దాని చుట్టూ లిడోకెయిన్ ఇంజెక్షన్ ఇస్తే ఏమైనా మేలు ఉంటుందా? పన్ను పీకే ముందు డెంటిస్టు చిగురుకు ఇచ్చే మత్తుమందే అది. కొత్త మందు కాదు, పేటెంటు లేదు, పెద్ద ఖరీదూ లేదు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ రాజేంద్ర బడ్వే బృందం ఈ ప్రశ్న పట్టుకుని 2011 నుంచి దేశంలోని 11 కేంద్రాల్లో ట్రయల్ నడిపింది. 2023లో ఫలితం ప్రచురించింది. 1,583 మంది మహిళల వివరాలు లెక్కగడితే, ఐదేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా బతికున్నవాళ్లు ఇంజెక్షన్ లేని గుంపులో నూటికి 82.6, ఇంజెక్షన్ పడిన గుంపులో 86.6.

ఇలాంటి వార్త చదివిన బైపీసీ విద్యార్థికి అందులో సర్జన్ ఒక్కరే కనిపిస్తారు. నీట్‌లో ర్యాంకు రాలేదు కాబట్టి ఇది మనకు సంబంధం లేని లోకం అనుకుని పేజీ తిప్పేస్తారు. కానీ ఈ ట్రయల్‌లో సర్జన్ చేతిలో అదనంగా పడిన పని కొన్ని నిమిషాలే. ఏ మహిళకు ఇంజెక్షన్ ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో డాక్టరు ఎంచుకోకూడదు. చీటీ తీసినట్టు కంప్యూటరు తేల్చాలి. ఆ ఏర్పాటు ఒకరు చేశారు. అసలు ఎంతమందిని చేర్చుకోవాలో మొదలుపెట్టకముందే ఇంకొకరు లెక్కగట్టారు. ఆపరేషన్ అయి ఊరికి వెళ్లిపోయినవాళ్లను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నారు మరికొందరు. ఈ ఉద్యోగాల్లో చాలావాటికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. మన దగ్గర వాటి గురించి పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ.

ముందు క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్ సంగతి చూద్దాం, ఎందుకంటే మన ఫార్మ్-డి, బీఫార్మసీ, బీఎస్సీ నర్సింగ్, లైఫ్ సైన్సెస్ పట్టభద్రులకు అన్నిటికంటే దగ్గరి దారి ఇదే. పని ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఊరి నుంచి కొడుకును వెంటబెట్టుకుని వచ్చిన పెద్దావిడ ఎదురుగా కూర్చుంది. మీ చేతిలో తెలుగులో అచ్చయిన అంగీకార పత్రం ఉంది, చాలా పేజీలు. సగం చదవకముందే ఆవిడ అంటుంది: "ఇవన్నీ నాకేం తెలుస్తాయి డాక్టరమ్మా, మీరేదంటే అదే." అక్కడ ఆగాలి. "నేను డాక్టర్ని కానమ్మా. ఇది పరిశోధన. మీరు వద్దన్నా మీ వైద్యం ఏమీ ఆగదు" అని చెప్పాలి. మళ్లీ మొదటి పేజీకి వెళ్లాలి. చదువు రానివారైతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరి దాకా అక్కడ ఉండాలి. వేలిముద్ర పడ్డాక సంతకం కోసం దారిన పోయేవారిని పిలిస్తే కుదరదు. ఓపిక లేనివాళ్లు ఈ ఉద్యోగంలో నిలవరు.

మిగతా సగం కాగితాల పని. రక్తపరీక్ష విలువ తప్పుగా రాస్తే కొట్టివేత ఒక్క గీతతోనే, కింద ఉన్న పాత అంకె కనబడాలి, పక్కన పొట్టి సంతకం, తేదీ. వైట్‌నర్ పూస్తే ఆడిటర్‌కు అనుమానం వచ్చినట్టే. ట్రయల్‌లో ఉన్న పేషెంటు ఏ కారణంతో ఐసీయూలో చేరినా, 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం 24 గంటల్లో అధికారులకు, ఎథిక్స్ కమిటీకి, స్పాన్సర్‌కు నివేదిక వెళ్లాలి. ఆదివారమైనా, పండగైనా అంతే. నివేదిక డాక్టరు పేరు మీద వెళ్తుంది కానీ, వివరాలు పోగుచేసేది కోఆర్డినేటరే. అన్నిటికంటే కష్టమైంది ఫోన్ పని. నంబరు మారిపోయి ఉంటుంది, ఎత్తినవాళ్లు "ఆమె లేరండీ" అంటారు. లేరంటే ఇంట్లో లేరా, చనిపోయారా అని మెల్లగా అడగాలి. ఆ సమాధానమే రేపు ఫలితాల పట్టికలో అంకె అవుతుంది. ఐదేళ్ల ఫలితం అన్న మాటను నిలబెట్టేది ఈ ఫోన్లే.

ఈ ఉద్యోగం పేరు చెప్పి కోర్సులు అమ్మేవాళ్లు అమీర్‌పేటలో కొదవ లేదు. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అని బోర్డు పెట్టిన చోట డబ్బు కట్టేముందు, అక్కడ చదివి ఇప్పుడు ఆసుపత్రిలో పనిచేస్తున్న ఇద్దరి నంబర్లు అడగండి. ఇవ్వకపోతే బయటికి వచ్చేయండి. గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ సర్టిఫికెట్‌కు ఉచిత ఆన్‌లైన్ కోర్సులున్నాయి. ఫార్మ్-డి వాళ్లకు వార్డుల్లో తిరిగిన అనుభవం ఎలాగూ ఉంటుంది; ఇంటర్న్‌షిప్‌లోనే ఏదైనా ట్రయల్ దగ్గర కూర్చోగలిగితే, కోర్సు ఫీజు మిగులుతుంది.

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ వాళ్లు బ్యాంకులు, సాఫ్ట్‌వేర్ వైపే చూస్తారు. లిడోకెయిన్ ట్రయల్‌లో తేడా నూటికి నలుగురు. అంత చిన్న తేడా నిజమా, కాకతాళీయమా తేల్చడానికి పదిహేను వందల మందికి పైగా కావలసి వచ్చింది. 2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్ వాళ్లు డోస్టార్లిమాబ్ అనే మందుతో ప్రత్యేకమైన జన్యులోపం ఉన్న పురీషనాళ క్యాన్సర్ పేషెంట్లు 12 మందిలో ప్రతి ఒక్కరికీ కణితి కనబడకుండా పోయిందని ప్రకటిస్తే ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. అక్కడ పన్నెండు మంది సరిపోయారు, ఇక్కడ వెయ్యి దాటినా చాలలేదు, ఎందుకు? ఈ ప్రశ్న మిమ్మల్ని కుదురుగా ఉండనివ్వకపోతే బయోస్టాటిస్టిక్స్ మీ దారి. వెల్లూరు సీఎంసీలో ఈ సబ్జెక్టులో ఎమ్మెస్సీ ఉంది. హైదరాబాద్‌లోని క్లినికల్ డేటా కంపెనీలు ఎస్ఏఎస్, ఆర్ తెలిసినవాళ్లను తీసుకుంటాయి. అయితే అక్కడ చాలావరకు వేరేవాళ్లు వేసిన ప్రశ్నకు పట్టికలు తయారుచేసే పనే. ప్రశ్న వేసే చోట కూర్చోవాలంటే ఆసుపత్రికో పరిశోధన సంస్థకో వెళ్లాలి, జీతం తక్కువైనా.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసినవాళ్లను "తర్వాతేంటి?" అని అడిగితే బీఈడీ, లేకపోతే నెట్, జూనియర్ లెక్చరర్ అంటారు. రేడియేషన్ చికిత్స ఇచ్చే ఆసుపత్రికి మెడికల్ ఫిజిసిస్టు లేకుండా అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఇవ్వదని చాలామందికి తెలియదు. పొద్దున మొదటి పేషెంటు రాకముందే యంత్రం నుంచి వచ్చే మోతాదు సరిగా ఉందో లేదో చూడటం, డాక్టరు గీసిన హద్దుల్లో కణితికి ఎంత, పక్కనున్న గుండెకు ఎంత పడుతుందో ప్లాన్ వేయడం వాళ్ల పని. బ్రిటన్‌లో 4,096 మందిపై జరిపిన ఫాస్ట్-ఫార్వర్డ్ ట్రయల్ ఐదేళ్ల ఫలితాలు 2020లో వచ్చాయి: రొమ్ము క్యాన్సర్‌కు మూడు వారాల్లో 15 విడతలుగా ఇచ్చే 40 గ్రేల బదులు, ఒక్క వారంలో 5 విడతలుగా 26 గ్రేలు ఇచ్చినా జబ్బు తిరగబెట్టడంలో తీసిపోలేదు. ఆదిలాబాద్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకుని ఉండే కుటుంబానికి ఆ రెండు వారాల తేడా ఎంతో వేరే చెప్పాలా? అయితే ఒక్కో విడతలో మోతాదు పెరిగేకొద్దీ పొరపాటుకు చోటు తగ్గుతుంది, ఫిజిసిస్టు బాధ్యత పెరుగుతుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) నిర్వహించే ఏడాది రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా పేరున్న దారి. ఆపైన గుర్తింపు పొందిన రేడియోథెరపీ విభాగంలో ఏడాది ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, పని దొరకడం మాత్రం మిగతా ఫిజిక్స్ దారులకంటే తేలిక.

ల్యాబ్ మీదే మనసున్నవాళ్లకు కార్-టీ కబుర్లు ఈపాటికి చేరే ఉంటాయి. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కృషిలోంచి పుట్టిన నెక్స్‌కార్19 అనే కార్-టీ చికిత్సకు 2023 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. పేషెంటు రక్తంలోంచి టీ-కణాలు తీసి, వాటికి క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే జన్యువు ఎక్కించి, పెంచి, తిరిగి అదే మనిషికి ఎక్కిస్తారు. విదేశాల్లో కోట్లలో ఉన్న ఖర్చు ఇక్కడ లక్షల్లోకి దిగింది. ఈ మందులో ప్రతి బ్యాచ్ ఒక్క మనిషికే. ఒక సంచి మీద లేబుల్ మారితే ఇంకో సంచి స్టాకులో ఉండదు. అందుకే ఇక్కడ పరిశోధకుల కంటే క్వాలిటీ విభాగంలో కూర్చునేవాళ్లు, క్లీన్‌రూమ్‌లో గంటల తరబడి మాస్కు, గౌనుతో నిలబడి ప్రతి అడుగూ నమోదు చేసేవాళ్లు ఎక్కువ కావాలి. బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ చదివి ఉద్యోగం దొరకలేదనేవాళ్లు ఇటు ఒకసారి చూడాలి. పీహెచ్‌డీకైతే నవీ ముంబయిలోని ఆక్ట్రెక్, హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, దానిపైన ఇంటి అద్దె భత్యం. ఈ దారిలో పేరు మాత్రం వెంటనే రాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసిన అమినోప్టెరిన్‌నే డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించారు. ల్యాబ్‌లో పనిచేసేవాళ్ల పేరు ఆలస్యంగా తెలియడం ఇవాళ్టిది కాదు.

ఎంబీబీఎస్‌లో ఉన్నవాళ్లకు ఒక్కటే మాట. ఎంఎస్ తర్వాత ఎంసీహెచ్ సర్జికల్ ఆంకాలజీ, ఎండీ తర్వాత డీఎం మెడికల్ ఆంకాలజీ అనే దారి మీకు తెలిసిందే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చిన్న రంధ్రాల (కీహోల్) సర్జరీ మేలని సర్జన్లంతా నమ్ముతున్న రోజుల్లో, 2018లో వచ్చిన లాక్ ట్రయల్ ఆ నమ్మకాన్ని తిరగేసింది. నాలుగున్నరేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు పొట్ట కోసి చేసిన గుంపులో 96.5 శాతం, కీహోల్ గుంపులో 86. రోబో మీద చెయ్యి తిప్పడం నేర్చుకునేటప్పుడే ఆ పేపరు చదవండి.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో నమోదవుతాయి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. క్యాన్సర్ అని, హైదరాబాద్ అనో విశాఖపట్నం అనో వెతికితే ఏ ఆసుపత్రిలో ఏ మందు మీద, ఏ డాక్టరు కింద పరిశోధన నడుస్తోందో తెలుస్తుంది. నిమ్స్, ఎంఎన్‌జే, బసవతారకం, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి పేర్లతోనూ చూడండి. నాలుగైదు ట్రయల్స్ వివరాలు చదివాక, మీ చదువుకు దగ్గరగా ఉన్నదాని గురించి ఆ డాక్టరుకు అర పేజీ ఈమెయిల్ రాయండి, బయోడేటా జతచేసి. "ఏ పనైనా చేస్తాను సార్" అని రాయకండి. ఏ పని వచ్చో రాయండి. ప్రాజెక్టు ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే కాబట్టి ఇంటర్వ్యూలో జీతంతోపాటు గ్రాంటు ఎప్పటిదాకా ఉందో, ఒక్కో కోఆర్డినేటరు ఎన్ని ట్రయల్స్ చూస్తారో కూడా అడగండి. రెండో ప్రశ్నకు తడబడుతున్నారంటే, చేరితే మీ మీద ఎంత పని పడుతుందో అంచనా వేసుకోవచ్చు.