కథ ఎక్కడ తేలింది?

కార్తీక అమావాస్య నుంచి, పల్నాటి చేలలో పత్తి విచ్చుకునే రోజుల్లో, కారంపూడిలో వీరుల తిరునాళ్లు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు: ఐదు రోజులూ ఒకే కథ. పన్నెండో శతాబ్దంలో నాగులేటి ఒడ్డున సాగిన దాయాదుల పోరు. అది ఎక్కడ తేలిందంటే చాలామంది కళ్లిపాడు అనే అంటారు. వీరులు నేలకొరిగిన రోజు కదా! కానీ ఆ రోజు ముగిసింది యుద్ధమే.

కథ తేలడమంటే మొదట్లో పడిన ప్రశ్నకు జవాబు దొరకడం. ఇక్కడ ఆ ప్రశ్న కోడిపందెంలో ఎవరు గెలిచారన్నది కాదు. ఒకే తండ్రి బిడ్డలైన నలగాముడు, మలిదేవుడు ఒకే నేలను ఎలా ఏలుకోవాలి? కోడిపందెం ఓడి మలిదేవుడి పక్షం ఏడేళ్లు వలసపోయింది. గడువు తీరాక రాయబారం వెళ్లిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. యుద్ధంలో మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు పోయాడు. చివరికి బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగాముడికే వదిలి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని జనం చెప్పుకుంటారు. పంపకం తెగింది, నిజమే. పంచుకునేవాళ్లు మిగలక తెగింది.

అయితే ఈ కథలో ఇంకో ప్రశ్న కూడా ఉంది: ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినొచ్చు? దానికి బ్రహ్మనాయుడు చాపకూడుతో జవాబు చెప్పాడు. కులం చూడకుండా అందరికీ ఒకే చాప మీద భోజనం. రాజ్యాలు పోయాయి, తిరునాళ్లలో మందపోరు నాటి ఆ పంక్తి మాత్రం నేటికీ సాగుతోంది. నా దృష్టిలో కథ నిజంగా తేలింది అక్కడే.

ఇకమీదట సినిమా చూసినా, నవల చదివినా పతాక సన్నివేశం దగ్గర ఆగకండి. మొదట ఏ ప్రశ్న పడిందో గుర్తుచేసుకోండి. దాని జవాబుకు విత్తనం ముందే పడిందా, చివర్లో ఎక్కడినుంచో ఊడిపడిందా చూడండి.

మీ ఇంటి తగాదాకూ ఇదే చూపు కావాలి. పొలం గట్టు కేసు గెలిచినా తమ్ముడు మీ గడప తొక్కకపోతే తేలింది కేసు ఒక్కటే. అసలు మాట ఎక్కడ పెరిగిందో, రాయబారానికి వచ్చిన మనిషిని ఎవరు ఖాళీ చేతులతో పంపారో వెనక్కి వెళ్లి వెతకండి. ఆ మనిషి ఇంకా ఊళ్లోనే ఉంటే, మిరప కోతల హడావుడి మొదలుకాకముందే వెళ్లి కలవండి.